ఇద్దరైనా ఒంటరేనా?

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో వీపున సంచీతో వారం రోజులు తిరిగొచ్చాను. మిత్రులందరిదీ ఒకటే ప్రశ్న: "ఒక్కదానివే వెళ్ళావా? భయం వెయ్యలేదా?" వేసింది. హైదరాబాదులోనూ వేస్తుంది. ఆ భయాన్ని ఆడదాని తప్పు కింద జమకట్టడమే నాకు అభ్యంతరం.

2016లో ఈక్వడార్‌లో ఇద్దరు అర్జెంటీనా యువతులను చంపేశారు. ఇద్దరూ కలిసే ప్రయాణిస్తున్నారు. అయినా "ఒంటరిగా ఎందుకు వెళ్ళారు?" అన్నారు. పక్కన మగవాడు లేకపోతే ఇద్దరైనా ఒంటరేనన్నమాట! "ఒంటరిగానే ప్రయాణిస్తాను" అని లాటిన్ అమెరికా స్త్రీలు తిప్పికొట్టారు.

అర్ధరాత్రి దాకా కళకళలాడే కొర్రియెంతెస్ వీధిలో నేను నడిచానంటే అది పోలీసుల చలవ కాదు, అక్కడి స్త్రీలు నడిచి సాధించింది. 1977 ఏప్రిల్ 30న, సైనిక ప్రభుత్వం మాయం చేసిన బిడ్డల కోసం 14 మంది తల్లులు ప్లాసా దె మాయో కూడలిలో నిలబడ్డారు. గుంపుగా నిలబడొద్దని పోలీసులంటే నడవసాగారు. వాళ్ళను కూడగట్టిన అసుసేనా విజాఫ్లోర్‌ను ఆ డిసెంబరులోనే ఎత్తుకుపోయి చంపారు. ఆమె చితాభస్మాన్ని 2005లో ఆ కూడలిలోనే పూడ్చారు. గురువారాల నడక ఆగలేదు.

మరి, జాగ్రత్తల కరపత్రాలు అచ్చువేసే మన సంస్థలు వాటిని ఆడపిల్లల హాస్టళ్ళలోనే ఎందుకు పంచుతాయి? మగపిల్లల హాస్టళ్ళు ఊళ్ళో లేవా?