బస్సెక్కే ముందే సబఖ్ మొదలవ్వాలి

పోయినేడు మా మొహల్లా బచ్చాలను బడి వాళ్లు మౌలాలీ గుట్టకు తీసుకెళ్లారు. తోడుగా నేనూ పోయాను. కాగితం మీద మాత్రం 'భూగర్భ శాస్త్ర క్షేత్ర పర్యటన' అని ఉంది. పిల్లలు మెట్లెక్కారు, ఫొటోలు దిగారు, టిఫిన్ డబ్బాలు ఖాళీ చేశారు, దిగొచ్చారు. సాయంత్రం ఒక పిల్లాణ్ని అడిగాను, "క్యా దేఖా బేటా?" అని. "పత్థర్ దేఖే చాచా" అన్నాడు. అంతే! గల్తీ వాడిది కాదు, మన పెద్దోళ్లది. ఏం చూడాలో చెప్పకుండా తీసుకెళ్లి, ఏం చూశావని అడిగితే వాడు మాత్రం ఏం జవాబిస్తాడు?

నా మాట ఒక్కటే. ఇలాంటి సైర్‌కు తయ్యారీ అంటే టోపీ, నీళ్ల సీసా, బూట్లు మాత్రమే కాదు. అవి జరూర్ కావాలి. కానీ వారం ముందే పిల్లల చేతికి రాయి రావాలి, నోట్లోకి సవాల్ రావాలి.

దీనికి ఖర్చేం లేదు. మన ఇళ్లలో చాలాచోట్ల కింద పరిచింది షాబాద్ బండ. అది సున్నపురాయి, ఒకప్పుడు నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. గుట్ట మీదున్నది గ్రానైట్, భూమి లోపల కరిగిన పదార్థం నెమ్మదిగా చల్లారి గట్టిపడ్డది. రెండు ముక్కలూ తెచ్చి పిల్లల ముందు పెట్టండి. ఇనుప మేకుతో గీకమనండి. షాబాద్ మీద గీత సులువుగా పడుతుంది. గ్రానైట్‌లో గాజులా మెరిసే క్వార్ట్జ్ మీద పడదు. ఎందుకని వాళ్లే అడుగుతారు. ఆ 'క్యోం' పుట్టాకే బస్సెక్కించండి.

వయసు సంగతీ ముందే చెప్పాలి. హైదరాబాద్ గ్రానైట్‌కు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అంత పెద్ద లెక్క బచ్చాల దిమాగ్‌లో ఎలా పడుతుంది? ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున గీత గీద్దాం. 1591 నాటి చార్మినార్ వయసు అర మీటరు కూడా రాదు. గుట్ట వయసు 2,500 కిలోమీటర్లు. ఇక్కణ్నుంచి గీస్తూ పోతే ఢిల్లీ ఎక్కడో వెనకబడిపోతుంది. ఇది విన్న పిల్లాడు ఆ రాయి మీద పేరు చెక్కడానికి జర సోచాయిస్తాడు.

పహాడ్‌లను, జమీన్‌ను చూసి గౌర్ చేయమని ఖురాన్ మనకు మళ్లీ మళ్లీ చెబుతుంది. 11వ శతాబ్దంలో హిందుస్తాన్ గురించి రాసిన అల్-బిరూనీ అదే చేశాడు. కొండల దగ్గర పెద్ద గుండ్రాళ్లు, దూరం పోయేకొద్దీ చిన్నవి, సముద్రం దగ్గర ఇసుక. అది చూసి, ఈ మైదానం ఒకప్పుడు సముద్రమని, నదులు తెచ్చిన మట్టితో పూడిందని అందాజా వేశాడు. ఆయన దగ్గర ఉన్నవి కళ్లు, అఖల్, సబర్. మన పిల్లలకు అవి లేవా?

ఇంకో తయ్యారీ ఉంది, దాన్ని అందరూ మరిచిపోతారు. అమ్మీల దగ్గరికి పోవడం. పోయినేడు సగం మంది ఆడపిల్లలకు ఇజాజత్ దొరకలేదు. మన ఇళ్లను తంగ్ నజర్ అని తిట్టడం ఆసాన్. కానీ ఆ అమ్మీలు అడిగినవేంటి? తోడు మేడం ఉంటుందా, బాత్రూం ఎక్కడ, మగ్రిబ్ లోపు ఇంటికొస్తారా? ఇవి వాజిబ్ సవాళ్లే. వీటికి జవాబు కాగితం మీద సంతకం అడగడం కాదు, గడప దాకా పోయి చెప్పడం.

అబ్బాలనూ పిలవండి. మా గల్లీలో ఫ్లోరింగ్ మేస్త్రీలు ఎందరో ఉన్నారు. ఏ బండ ఎటు చీలుతుందో వాళ్ల చేతులకు తెలుసు. అలాంటి మేస్త్రీ క్లాసులో నిలబడి చెబితే, ఆయన బిడ్డకు తన అబ్బా కూడా ఒక ఉస్తాదే అని తెలుస్తుంది. ఆ ఇజ్జత్ ఏ కితాబ్‌లో దొరుకుతుంది?

మన కళ్ల ముందే షహర్ చుట్టూ గుట్టలు పేలి కంకరైపోతున్నాయి. చూడటం రాని పిల్లలకు అవి పోయాయన్న సంగతే తెలియదు. ఈ చలికాలం మళ్లీ పోదామంటున్నారు బడి వాళ్లు. ఈసారి తారీఖ్ పెట్టే ముందు ఒక షర్త్ పెట్టాను. ముందు రెండు రాళ్లు, ఒక మేకు, ఆ తర్వాతే బస్సు.