కొండ యెవరిది?

ఆదోని పట్టణముపైఁ గాపున్నట్లు నిలిచిన రాతికొండల నెఱుఁగనివారు మన సీమలో నుండరు. అందు బారాకిల్లా, తాలిబండ యను రెండు శిఖరములు దిగువ మైదానమునకు సుమారు 800 అడుగుల యెత్తున నున్నవి. వేకువను బయలుదేఱినచో ఎండ ముదురకమున్నే యెక్కి దిగిరావచ్చును. ఇంత చేరువ నున్న కొండపైనుండి తమ యూరిని జూచిన గృహిణు లెందఱు? రణమండల యాంజనేయస్వామి మ్రొక్కునకై మెట్లెక్కినవారు పెక్కురు. కేవలము చూచుటకై యెక్కినవారు మిక్కిలి యరుదు.

ఈ లోపము కాళ్లది కాదు, మనస్సుది. మ్రొక్కుండి యెక్కినఁ బుణ్యమఁట. మ్రొక్కులేక యెక్కిన సోమరితనమఁట! మేము భక్తిని నిందించుట లేదు. మ్రొక్కు లేనిచో స్త్రీకి గడప దాటుటకు హేతువే లేదనెడి వాదమును నిందించుచున్నాము.

మా యుపాధ్యాయుల దోషమును దాఁపము. మహాకావ్యమున శైలవర్ణనము నుండవలెనని దండి కావ్యాదర్శమునఁ జెప్పెను. ఆ లక్షణమును బిల్లలచే వల్లింపఁజేసితిమి గాని, కిటికీలోఁ గనఁబడు శైలమునకు వారిని గొనిపోలేదు. ఈ దుర్గము 1568లో విజాపుర సుల్తానుల వశమయ్యెననియు, 1786లో టిప్పు సుల్తాను దీనిని ముట్టడించి పట్టుకొని కోటగోడలఁ గూలఁద్రోయించెననియు, 1800లో నీ సీమ యాంగ్లేయుల పాలయ్యెననియు వ్రాయించితిమి. రాళ్లు పైన, తేదీలు క్రింద! ఇటలీకవి పెట్రార్కు 1336లో ఫ్రాన్సునందలి వెంటూ పర్వతమును, దాని యెత్తును జూడవలెనను కోరికతోనే యెక్కితినని వ్రాసికొనెను. ఆ కథను జదివి మెచ్చుకొంటిమి. మన వీథిలోని యొక తల్లి యా కోరికనే వెల్లడించినచో మాత్రము నవ్వుదుము.

కడచిన మార్గశిరమున మా విద్యార్థులతోఁ గొండకుఁ బోయితిమి. ఒక బాలిక తల్లియు వెంట వచ్చెను. ఆమె యెమ్మిగనూరి నేఁతవారి యింటి యాఁడుపడుచు. కండెలు చుట్టుచుఁ బెరిగి, ఆదోనికిఁ గాపురమునకు వచ్చి యిరువదియేండ్లు గడచినవి. నడిదారిలోని చెఱువుకడ నొకమాఱు నిలిచి, పైకి వచ్చి బండపైఁ గూర్చుండెను. క్రింద జామియా మసీదు, మిద్దెలు, ప్రత్తి మిల్లులు. వాని యావల నల్లరేగడి చేలు. గాలి తప్ప వేఱు చప్పుడు లేదు. చాలసేపటి కామె, “అయ్యవారూ, ఆ మిద్దేనా మాది? ఇన్నేండ్లు దాంట్లోనే వుంటిని. ఇంత చిన్నదని తెలియకపాయె” అనెను. మాకు ప్రత్యుత్తరము తోఁపలేదు.

ఇందుకు మూఁడాక్షేపణలు వినుచున్నాము. ఇంటిపని చెడునందురు: అరుగుపైఁ బేకాటకుఁ గూర్చున్న పురుషుని పని చెడుట లేదా? భయమందురు: భయమునకు మందు తోడు పోవుట గాని తలుపు గడియ కాదు. లోకము నవ్వునందురు: పాటల పెట్టెలు మ్రోగించి, కోటరాళ్లపైఁ బేర్లు చెక్కి, సీసాలు పగులఁగొట్టి దిగెడి యువకులను జూచి నవ్వని లోకము, ఊరక కూర్చుండుటకై యెక్కిన స్త్రీని జూచి నవ్వునా? అట్టి నవ్వునకు వెఱచుట యే నీతి?

ఆ తల్లి పుట్టినయూరనే 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకార సంఘమును స్థాపించి, చేతిపనివారు కలసి నిలిచినఁ దమ పనికి విలువ కట్టించుకొనవచ్చునని చూపిరి. కండె చుట్టెడి చేతికిఁ బని వలెనే విరామమును జెల్లునని మన మెన్నఁడు చూపుదుము?

చదువరులారా, సంస్కారము సభలలోనే జరుగదు. వచ్చు నాదివారము తెల్లవాఱకమున్నే మీ యింటి తల్లిని, భార్యను, కుమార్తెను వెంటఁబెట్టుకొని, త్రాగునీళ్లతోఁ గొండ యెక్కుఁడు. దిగివచ్చిన పిమ్మట నాపూఁట వంట మీరే చేయుఁడు. పైన నున్నంతసేపు మాత్రము కోటచరిత్రపై నుపన్యాస మీయకుఁడు, వారిని జూడనిండు.