కొండకి గేటు ఉండొచ్చు, టికెట్టు వద్దు

ఖతార్‌లో కొండలు లేవు. దేశం మొత్తం మీద అన్నిటికన్నా ఎత్తైన చోటు 103 మీటర్లు. అందుకేనేమో, దోహాలో తెలుగువాళ్ళం నలుగురం కలిస్తే తిరుమల నడకదారి మాట రాకుండా ఉండదు. అలిపిరి నుంచి 3,550 మెట్లా, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లా అన్న దగ్గరే అరగంట గడిచిపోతుంది.

మొన్న అలాంటి కబుర్లలోనే మా టీంలో కుర్రాడొకడు తన ప్లాన్ చెప్పాడు. చెన్నైలో దిగడం, కారులో నేరుగా అలిపిరి, భార్యాపిల్లలతో రాత్రికి రాత్రే మెట్లెక్కడం, తెల్లారేసరికి పైన ఉండడం. "కానీ పిల్లలుంటే మధ్యాహ్నం రెండు దాటాక వదలరంట అన్నా. నాకున్నదే పద్దెనిమిది రోజుల లీవు. దేవుడి దగ్గరికి వెళ్ళడానికి కూడా టైమింగులేనా?" అన్నాడు.

ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. లీవు రోజులు లెక్కపెట్టుకుని వచ్చే ప్రతివాడిదీ. నా జవాబు మాత్రం ఒకటే: టైమింగులు ఉండాల్సిందే.

ఆ నియమం ఎందుకొచ్చిందో మర్చిపోయాం. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో తల్లిదండ్రులతో నడుస్తున్న ఆరేళ్ళ పాపని రాత్రివేళ చిరుత ఎత్తుకుపోయి చంపేసింది. ఆ తర్వాతే పన్నెండేళ్ళలోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు తర్వాత నడకదారిలోకి వదలకూడదని టీటీడీ నిర్ణయించింది. నడిచేవాళ్ళ చేతికి కర్రలు ఇచ్చింది. చేతికర్రతో చిరుత ఆగుతుందా అని అప్పట్లో చాలామంది నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, శేషాచలం అడవి అని, అందులో మనకంటే ముందున్న ప్రాణులు ఉన్నాయని ఆ కర్ర పట్టుకున్నవాడికి గుర్తుంటుంది. కర్ర పని అదే అనుకుంటాను.

2025 జూలైలో జపాన్ వెళ్ళినప్పుడు నేను ఫుజీ ఎక్కాను. 3,776 మీటర్ల కొండ. 1964లో వేసిన రోడ్డు మీద 2,305 మీటర్ల దాకా బస్సు పోతుంది. అక్కణ్ణించి నడక. యోషిదా దారి మొదట్లోనే గేటు కనిపిస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి తెల్లవారుజామున మూడు దాకా, పైన బసలో పడక బుక్ చేసుకున్నవాళ్ళని తప్ప ఎవరినీ వదలరు. రోజుకి 4,000 మందికి మించి పంపరు. బసలో ఆగకుండా, నిద్రపోకుండా రాత్రంతా ఎక్కేసి, సూర్యోదయం చూసి దిగిపోయేవాళ్ళు చలికీ ఎత్తుకీ పడిపోతున్నారని పెట్టిన గేటు అది. అలా ఎక్కడాన్ని వాళ్ళు 'బుల్లెట్ ఎక్కుడు' లాంటి మాటతో పిలుస్తారు. మా కుర్రాడి ప్లాన్ వినగానే నాకు గుర్తొచ్చింది ఆ మాటే.

ఫుజీ వాళ్ళకి ఉత్త టూరిస్టు స్పాట్ కాదు. ఎనిమిదో మజిలీ నుంచి శిఖరం దాకా సెంగెన్ అమ్మవారి గుడికి చెందిన నేల. పాత పద్ధతిలో ఎక్కే భక్తులు తెల్లబట్టలు కట్టుకుని, కర్ర పట్టుకుని 'రొక్కొన్ షోజో' అనుకుంటూ ఎక్కుతారు. కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్ళు, మనసు, ఈ ఆరూ శుభ్రపడాలని అర్థం. మనం గోవిందా అన్నట్టే, అడుగుకీ ఊపిరికీ సరిపోయే మాట. అంత పవిత్రమైన కొండకీ వేసవి దాటితే దారులు మూసేస్తారు. 2025 ఏప్రిల్‌లో అలా మూసి ఉన్న కాలంలో ఎక్కిన ఒక విద్యార్థిని హెలికాప్టర్‌లో దించాల్సి వచ్చింది. నాలుగు రోజులకే, పైన వదిలేసిన ఫోన్ కోసం మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ దించారు. గేటు దాటినవాడి వెనక, వాణ్ణి మోసుకురావడానికి ఇంకెవరో ప్రాణం పణం పెట్టి ఎక్కాలి. ఇది తిరుమలకీ వర్తిస్తుంది.

అంత దూరం ఎందుకు, మేముండే ఖతార్‌లో ఎండకి కూడా గేటుంది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని 2021 నుంచీ రూలు. ఏసీ గదిలో కూర్చునే నాకు ఆ రూలుతో పని లేదు. బయట ఇనుము మోసే మన కరీంనగర్, కడప వాళ్ళకి ఉంది. ఏ గేటైనా అంతే. దాని అవసరం లేనివాడికి అడ్డంగా కనిపిస్తుంది. తిరుమల మెట్ల మీద రెండింటి గేటు ఆరేళ్ళ పిల్లల కోసం పెట్టింది. నా లీవు కోసం దాన్ని తెరవమనడం న్యాయం కాదు.

అయితే ఫుజీ దగ్గర నాకు నచ్చనిది ఒకటుంది. గేటు దగ్గర 2024లో మనిషికి 2,000 యెన్లు తీసుకున్నారు, మరుసటేడు 4,000 చేశారు. మన డబ్బుల్లో రెండు వేలకి పైనే. నాకది పెద్ద భారం కాలేదు. కానీ ఒకప్పుడు అదే కొండకి పేదవాళ్ళు చీటీల్లాంటి సంఘాలు కట్టుకుని, తలా కొంత వేసుకుని, లాటరీలో పేరొచ్చినవాణ్ణి అందరి తరఫునా పంపేవారు. కొండ దాకా వెళ్ళే ఖర్చే వాళ్ళకి అంత బరువు. దానికి తోడు టికెట్టు కూడా ఉంటే?

మన దగ్గర ఈ ఆలోచన ఎవరికైనా వస్తుందేమో అని నా భయం. రద్దీ తగ్గించడానికి ధర పెట్టడం అన్నిటికన్నా సులువైన దారి. కానీ ధర పెడితే తగ్గేది రద్దీ కాదు, పేదవాళ్ళు. 1944లో ఘాట్ రోడ్డు వచ్చాక డబ్బున్నవాళ్ళకి వేరే దారి దొరికింది. మెట్లు మాత్రం ఇప్పటికీ ఎవరి జేబూ అడగవు. ఇక్కడ లేబర్ క్యాంపుల్లో ఉండి, ఊరికెళ్తే మొదట నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నవాళ్ళు నాకు తెలుసు. రెండేళ్ళకోసారి వెళ్తారు. వాళ్ళు ఇచ్చేది కాళ్ళనొప్పులు, చెమట. అంతకు మించి అడిగే హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి వేళలు పెట్టండి, అవసరమైతే రోజుకి ఇంతమందని లెక్క పెట్టండి, చీకటి పడ్డాక పిల్లల్ని ఆపండి. డబ్బు మాత్రం అడక్కండి. మా కుర్రాడికి కూడా ఇదే చెప్పాను: చెన్నైలో దిగిన రాత్రి తిరుపతిలోనే పడుకో, పొద్దున్నే పిల్లాడి చెయ్యి పట్టుకుని బయల్దేరు. పద్దెనిమిది రోజుల్లో ఒక రోజు పోతుంది. పోనీ.