ధన్వంతరి బొమ్మకు వెల ఎంత?

మనుష్యునికి సహజంగా ఉండవలసిన కోరికలు మూడని చరక సంహిత సూత్రస్థానం పదకొండవ అధ్యాయంలో చెప్పబడింది. బ్రతకాలనే కోరిక ప్రాణైషణ. బ్రతుకుతెరువుకు కావలసిన ధనాన్ని ఆర్జించాలనే కోరిక ధనైషణ. దేహానంతరం సద్గతి పొందాలనే కోరిక పరలోకైషణ. ధనార్జనను శాస్త్రం నిందించలేదని పాఠకులు గమనించాలి. కృషి, పశుపాలన, వాణిజ్యం, రాజసేవ వంటి వృత్తులతో, సజ్జనులు తప్పు పట్టని రీతిలో సంపాదించమనే ఉపదేశించింది. కనుక మందులు చేసే సంస్థ లాభం ఆశించడం పాపమని నేను అనను. నా అభ్యంతరం వేరు.

నేడు అంగళ్లలో ఉన్న ఆయుర్వేద ఔషధాల పెట్టెలను పరికించండి. అమృతకలశం ధరించిన ధన్వంతరి, తపస్సులో ఉన్న ఋషి, వెలుగుతున్న దీపం ఎన్నింటిమీదనో కనిపిస్తాయి. వెల మాత్రం అడుగున చిన్న అక్షరాలలో ఉంటుంది. రోగి ప్రాణైషణను భయంతో కదిలించి, పరలోకైషణను బొమ్మతో తృప్తిపరచి, వ్యాపారి తన ధనైషణను తీర్చుకుంటున్నాడు. మూడు ఏషణలూ ఒకే పెట్టెలో కూర్చున్నాయి!

ఇది పరిహాసానికి చెప్పిన మాట కాదు. నా వద్దకు వచ్చే ఒక వృద్ధ గృహిణికి మలబద్ధకం ఎంతకూ తగ్గలేదు. విచారిస్తే, నెలకు ఇచ్చిన త్రిఫల చూర్ణాన్ని రెండు నెలలకు సర్దుకుంటున్నదని తేలింది. ఆమె వాడే రకం వెల ఎక్కువ. అదే చూర్ణం తక్కువ వెలకు దొరుకుతుంది కదమ్మా అంటే, "స్వామి బొమ్మ ఉన్నదాన్ని మానుకోవడానికి మనసు ఒప్పలేదండీ" అన్నది. ఖాళీ పెట్టెలను కూడా చెత్తలో వేయలేక పూజగదిలో దాచిందట. భక్తి ఆమెది, లాభం మరొకరిది, తగ్గని రోగం మళ్లీ ఆమెదే.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మన స్వభావాన్ని చక్కగా పట్టి చూపుతుంది. చేతికి అందేదానిని చులకన చేస్తాము. వెల హెచ్చినదానిలో గుణం కూడా హెచ్చుగా ఉంటుందని భ్రమిస్తాము. బుద్ధి, ధైర్యం, స్మృతి సడలినప్పుడు మనిషి చేసే తప్పును చరకుడు ప్రజ్ఞాపరాధం అన్నాడు, దానిని రోగకారణాలలో చేర్చాడు. అపథ్యం తినడం మాత్రమే ప్రజ్ఞాపరాధం కాదు, విచారించకుండా కొనడం కూడా అదే కోవలోనిదని నా అభిప్రాయం.

ధరల సంగతి కొంత తెలుసుకోవాలి. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ఆయుర్వేద ఔషధాలకు వర్తించదు. తయారీదారు తనకు తోచిన వెలను ముద్రించుకోవచ్చు. పెట్టెమీది గరిష్ఠ చిల్లర ధర అంతకు మించి అమ్మరాదని చెప్పే హద్దు మాత్రమే. సరుకు విలువకు అది కొలత కాదు. శాస్త్రోక్త యోగాలలో ద్రవ్యాలూ పాళ్లూ గ్రంథాలలోనే నిర్ణయమై ఉన్నాయి. త్రిఫల ఎవరు చేసినా కరక్కాయ, తానికాయ, ఉసిరికాయలే. అటువంటప్పుడు వెలలో ఎక్కువ అంతరం ఉంటే, అది ఎందువల్లనో అడిగే హక్కు కొనేవారికి ఉన్నది.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. మంచి మూలికలు సేకరించడానికి, పురుగు పట్టకుండా కాపాడడానికి, కల్తీ లేదని పరీక్షించడానికి ఖర్చు అవుతుంది. అతి చౌక సరుకులో పుచ్చు కాయలు, గింజల పొడి కలిసే ప్రమాదం లేకపోలేదు. నాణ్యతకు హెచ్చు వెల ఇవ్వడం ధర్మమే. బొమ్మకు ఇవ్వడం ధర్మం కాదు. బొమ్మ మూలికను శుద్ధి చేయదు.

అగరువత్తులకు "రామాయణ్" అనే పేరు తనకే చెందాలని ఒక వ్యాపారి కోరగా, పవిత్ర గ్రంథం పేరును ఎవరూ సొంత వ్యాపార చిహ్నంగా చేసుకోజాలరని 2015లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేరు విషయంలో న్యాయస్థానం గీసిన ఆ గీతను బొమ్మల విషయంలో వ్యాపారులు తమంతట తామే గీసుకుంటే ఎంత బాగుండును! క్షీరసాగరంలో అమృతం కంటె ముందు హాలాహలం పుట్టిందని పురాణం చెబుతుంది. అమృతం పుట్టగానే పంపకం దగ్గర తగాదా వచ్చింది. ఔషధం పుట్టిన చోటనే లోభం పుడుతుందని మన పెద్దలకు ఆనాడే తెలుసు.

గృహస్థులకు నా సూచన ఇది. మందు కొనేటప్పుడు బొమ్మను కాక వెనుకవైపు చూడండి. ద్రవ్యాల జాబితా, నికర తూకం, తయారైన తేదీ, లైసెన్సు సంఖ్య చదవండి. వెలను తూకంతో భాగించి గ్రాముకు ఎంత పడుతున్నదో లెక్కించండి. పెట్టె పరిమాణం మారకుండానే లోపలి తూకం తగ్గిన సందర్భాలు అప్పుడు బయటపడతాయి.

వీలైనవారు త్రిఫలను ఇంటనే చేసుకోవచ్చు. పుచ్చులేని ఎండు కరక్కాయ, తానికాయ, ఉసిరికాయలను గింజలు తీసి, పెచ్చులను సమభాగాలుగా తూచి, దంచి, వస్త్రగాళితం పట్టి గాజు సీసాలో భద్రపరచాలి. రాత్రి పడుకునే ముందు అర చెంచా గోరువెచ్చని నీటితో తీసుకోవాలి. గర్భిణులు, విరేచనాలతో బాధపడేవారు వాడరాదు. ఇతర మందులు వాడేవారు వైద్యుని అడిగి వాడాలి.

ధన్వంతరిని పూజగదిలో పూజిద్దాం. అంగడిలో మాత్రం తూకాన్ని, ద్రవ్యాలను, వెలను పరీక్షిద్దాం.