ఇంటి అంచనాలో దుమ్ముకూ ఒక పద్దు ఉండాలి

హనుమకొండ అన్ని వైపులా పెరుగుతోంది. భీమారం, హసన్‌పర్తి, మడికొండ దారుల్లో కొత్త వెంచర్లు వస్తున్నాయి. నయీంనగర్, సుబేదారి వంటి పాత కాలనీల్లో పెంకుటిళ్లు, డాబాలు కూల్చి అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు. మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చాక స్థలాల మీద ఆశ ఇంకా పెరిగింది. సొంతిల్లు కట్టుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే అంచనా వేసేటప్పుడు సిమెంటు, స్టీలు, ఇసుక, కూలీ అన్నీ రాసుకుంటాం. దుమ్మును అదుపు చేయడానికి మాత్రం ఒక్క రూపాయి కూడా రాసుకోం. ఆ ఖర్చు చివరికి పక్కింటి వాళ్ల మందుల బిల్లులో తేలుతుంది.

జాబితాలో లేకపోతే గాలి మంచిదేనా?

గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని నగరాల కోసం కేంద్రం 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రారంభించింది. ఆ జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఉన్నాయి. మన వరంగల్, హనుమకొండ లేవు. అది చూసి నిశ్చింతగా ఉండలేం. జాబితాకు లెక్క నగరం మొత్తం సగటు. మీ ఎదురింట్లో గ్రానైట్ కోసిన రెండు గంటల్లో మీ పిల్లలు పీల్చిన గాలి ఆ సగటులో కనిపించదు.

పీఎం10 అనే ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 45 మాత్రమే. అంటే మన ప్రమాణం లోపల ఉన్న గాలి కూడా పూర్తిగా సురక్షితం కాదు.

ఊపిరితిత్తుల్లో జరిగేది

కట్టడాల దుమ్ములో పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. తుమ్ములు, పొడిదగ్గు, కళ్ల మంట వాటి వల్లే. పీఎం10 శ్వాసనాళాల్లోకి దిగుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు పిల్లికూతలు, దమ్ముతో బాధపడే పెద్దలకు ఆయాసం ఎక్కువయ్యేది అప్పుడే. వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉండే పీఎం2.5 గాలి గదుల దాకా వెళ్తుంది. దీనివల్ల గుండెజబ్బుల ముప్పు కూడా పెరుగుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం రాయి, కాంక్రీటు, టైల్స్ పొడిగా కోసినప్పుడు లేచే సిలికా ధూళి. ఏళ్ల తరబడి పీల్చిన కార్మికులకు సిలికోసిస్ వస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు, పని మానేసినా జబ్బు ముదరవచ్చు. వీరికి క్షయ ముప్పు కూడా ఎక్కువ. ముఖానికి తువ్వాలు చుట్టుకుని మీ ఇంటి బండలు కోసే మనిషికి ఆ తువ్వాలు రక్షణ ఇవ్వదు.

నిబంధన ఉంది, చూసేవారు ఎవరు?

కట్టడాల దుమ్ముపై కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరిలో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఆరుబయట రాయి, టైల్స్ కోయకూడదు. రోడ్డు పక్కన ఇసుక, కంకర, శిథిలాలు పోయకూడదు. వాటిని మోసే వాహనాలపై కప్పు ఉండాలి.

పెద్ద ప్రాజెక్టులకు వేరే పరీక్ష ఉంది. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణానికి పర్యావరణ అనుమతి తీసుకోవాలి. మన కాలనీల్లో లేచే ఇళ్లు చాలావరకు ఆ హద్దుకు ఎంతో లోపలే ఉంటాయి. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇళ్లకు యజమాని సొంత ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. అయితే యజమాని మాట మీద అనుమతి ఇచ్చినప్పుడు దుమ్ము బాధ్యత కూడా ముందుగా యజమానిదే అవుతుంది. నగరపాలక సంస్థ చేయాల్సింది కూడా ఉంది. రోడ్డు మీద ఇసుక కుప్ప కనిపిస్తే జరిమానా వేయాలి, శిథిలాలు పోసేందుకు స్థలం చూపించాలి. ఆ కుప్ప మీద బండ్లు తిరిగే కొద్దీ నలిగి, అదే ధూళి రోజంతా మళ్లీ మళ్లీ లేస్తుంది.

మీరు ఇల్లు కడుతుంటే

- కాంట్రాక్టరుతో రాసుకునే ఒప్పందంలోనే దుమ్ము జాగ్రత్తలు చేర్చండి. నీళ్లు పోస్తూ కోసే మిషన్, ఇసుకపై టార్పాలిన్, చుట్టూ పరదా ఉండాలి.
- కోసే పనివారికి ఎన్95 మాస్కులు మీరే కొనివ్వండి.
- పాత ఇల్లు కూల్చే ముందు తడపండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పగలగొట్టకుండా, తడిపి, రేకులుగానే దించాలి.
- ముహూర్తం ఉందని గృహప్రవేశం చేసుకోండి. కాపురం మాత్రం ప్లైవుడ్ కోత, పాలిష్, రంగుల పని ముగిసి, కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచాకే పెట్టండి. ఇంట్లో పసిబిడ్డ, గర్భిణి, ఉబ్బసం రోగి ఉంటే ఇది తప్పనిసరి.

పక్కన కడుతుంటే

- కోత జరిగే వేళ అటువైపు కిటికీలు మూయండి, ఆగాక తెరవండి.
- పొడి చీపురు బదులు తడిగుడ్డతో తుడవండి.
- చలికాలం ఉదయం దుమ్ము నేలకు దగ్గరగా నిలిచిపోతుంది. ఆ వీధిలో నడక మానండి.
- ఇన్హేలర్ వాడేవారు దగ్గు తగ్గిందని సొంతంగా ఆపొద్దు. మాట్లాడలేనంత ఆయాసం, పిల్లల్లో పక్కటెముకలు లోపలికి లాగడం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.
- మొదట ఇంటి యజమానితో మర్యాదగా మాట్లాడండి. వినకపోతే కాలనీ సంఘం తరఫున ఫొటోలతో నగరపాలక సంస్థకు, కాలుష్య నియంత్రణ మండలికి రాసివ్వండి.

నీటి పైపు, టార్పాలిన్, పరదా, నాలుగు మాస్కులు. లక్షలు పోసి కట్టే ఇంట్లో ఇవి పెద్ద ఖర్చు కాదు. వచ్చే అంచనాలో ఆ పద్దు రాయించండి.