కూలివాడి పేరు లేని జాబితా పునరావాసం కాదు

ఫ్యాక్టరీ వస్తుందంటే ఊళ్ళోకి మొదట వచ్చేవాడు సర్వేయరు. ఆ వెనకే కంపెనీ మనిషి. ఎవరి సర్వే నంబరులో ఎంత భూమి ఉంది, బోరు ఉందా, మామిడి చెట్లు ఎన్ని అని అన్నీ రాసుకుంటారు. చెట్టుకు కూడా ధర కడతారు. కాని ఆ చేలో ఇరవై ఏళ్ళుగా నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసిన మనిషి మాత్రం ఆ లెక్కలోకి రాదు.

మేము తిరిగిన ఒక ఊళ్ళో ఒక ముసలి కూలి తల్లి సర్వే గుమాస్తాను నిలేసింది. "బాబూ, చింతచెట్టుకు నంబరేశారు. దాని నీడన సద్దిమూట విప్పుకున్న మాకు నంబరెయ్యరా?" అంది. "నీకు భూమే లేదు కదమ్మా, నీకేం పోయింది?" అన్నాడాయన. పునరావాసం పేరుతో జరుగుతున్న అన్యాయమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఏం పోయిందో మనం చెబుదాం. భూమి పోతే రైతుకు ఆస్తి పోయింది. తక్కువో ఎక్కువో పరిహారం చేతికొస్తుంది. కూలికి ఏడాది పొడుగునా దొరికే పని పోయింది. కోతల్లో వచ్చే గింజలు, గట్టు మీద గడ్డి, మేకకు మేత, పొయ్యిలోకి పుల్లలు, కోతయ్యాక ఏరుకునే పరిగె పోయాయి. ఆపదలో చేబదులు పుట్టే చోటు, అరువిచ్చే కొట్టు కూడా పోయాయి. వీటిలో ఏ ఒక్కదానికీ పట్టా లేదు. పట్టా లేదు కాబట్టి అసలు పోనే లేదంటున్నారు!

తెల్లదొరలు చేసిన 1894 భూసేకరణ చట్టంలో పునరావాసం అన్న బాధ్యతే లేదు. నూరేళ్ళకు పైగా మన పాలకులు కూడా దాంతోనే నెట్టుకొచ్చారు. దేశమంతటా నిర్వాసితులు పోరాడగా పోరాడగా 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టం ఒక సంగతి స్పష్టంగా ఒప్పుకుంది. భూసేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, దాని మీదే బతుకుతున్న వ్యవసాయ కూలీలు, కౌలుదారులు, చేతివృత్తులవాళ్ళు కూడా బాధిత కుటుంబాలే.

ఆ కుటుంబానికి మూడు దారులు చూపించాలి: ప్రాజెక్టులో ఉద్యోగాలుంటే ఇంట్లో ఒకరికి ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షల రూపాయలు, లేదా నెలకు 2 వేలకు తగ్గకుండా 20 ఏళ్ళపాటు భృతి. ఆ భృతి వ్యవసాయ కూలీల ధరల సూచీని బట్టి పెరుగుతూ ఉండాలి. పరిహారం 3 నెలల్లో, పునరావాసపు డబ్బు 6 నెలల్లో, వసతులు 18 నెలల్లో పూర్తి కావాలి.

అయితే ఇందులో ఒక పెద్ద కంత ఉంది. ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకోవాలంటే బాధిత కుటుంబాల్లో 80 శాతం మంది ఒప్పుకోవాలి. ప్రభుత్వం, ప్రైవేటు కలిసి చేసే ప్రాజెక్టయితే 70 శాతం. కాని ఈ ఒప్పుకోలు అడిగేది భూమి ఉన్నవాళ్ళను, ప్రభుత్వం భూమి ఇచ్చినవాళ్ళను మాత్రమే. కూలిని బాధితుడని రాశారు గాని, అతని ఇష్టాన్ని లెక్కపెట్టలేదు.

ఈ పాటి చట్టం కూడా పాలకులకు బరువైంది. తెలంగాణ ప్రభుత్వం 2015 జులైలో 123వ నంబరు జీవో తెచ్చింది. భూమి యజమానులు ఇష్టపడి అమ్ముతున్నారన్న పేరుతో నేరుగా కొనేస్తే ఇక 2013 చట్టంతో పనే లేదన్నది దాని ఎత్తుగడ. యజమాని సంతకం పెట్టాడు సరే, కూలి ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్న వేసింది పెద్ద పార్టీల నాయకులు కారు. పారిశ్రామిక మండలి కోసం భూములు తీసుకుంటున్న జహీరాబాద్ ప్రాంతపు వ్యవసాయ కూలీలే హైకోర్టు తలుపు తట్టారు. 2016 ఆగస్టులో హైకోర్టు న్యాయమూర్తి ఆ జీవోను కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు పోయింది. అయినా భూమిలేని కుటుంబాలకు కూడా సాయం చేస్తామంటూ మరో జీవో ఇవ్వక తప్పలేదు. తర్వాత 2017లో సవరణ చట్టం తెచ్చి, కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా అక్కర్లేకుండా చేసుకున్నారు. కూలి గెలిచిన చోట చట్టాన్నే మార్చేస్తారని ఇది మనకు నేర్పింది.

పేరు జాబితాకెక్కితే చాలదని విశాఖ ఉక్కు చెబుతోంది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీ అది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. దాని కోసం 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి. 16 వేలకు పైగా కుటుంబాలు అగనంపూడి, పెదగంట్యాడ, వడ్లపూడి కాలనీల వంటి చోట్లకు చేరాయి. చేతికి 'ఆర్' కార్డులు ఇచ్చారు. ఉద్యోగాలు వచ్చింది అందులో సగం కుటుంబాలకు అటూ ఇటుగానే. కార్డు పట్టుకున్న తండ్రి ముసలివాడయ్యాడు, కొడుక్కి వయసు దాటిపోయింది. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటాలు అమ్మాలని నిర్ణయించింది. కార్మికులు, నిర్వాసితులు కలిసి రోడ్డెక్కారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఫ్యాక్టరీ నిలబడాలి, అది ప్రజల ఆస్తి. కాని ఆ ఫ్యాక్టరీకి చోటిచ్చిన ఊళ్ళ బాకీ కూడా తీరాలి. ప్రభుత్వ సంస్థలోనే బాకీ ఇంతకాలం నానితే, రేపు చేతులు మారిపోయే ప్రైవేటు కంపెనీ ఇచ్చిన మాట ఏపాటిది?

ఆ కంపెనీలు ఏం చేస్తున్నాయి? నాలుగు కుట్టుమిషన్లు పంచి, ఒక వైద్య శిబిరం పెట్టి, ఫొటోలు దిగి, ఇదే పునరావాసం అంటున్నాయి. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చెయ్యవలసిన పనిని ఈ ఖాతాలో రాసుకోకూడదని 2021లో సవరించిన నిబంధనలు తేల్చాయి. కుట్టుమిషను వాళ్ళ దానం కావచ్చు. పునరావాసం మాత్రం మనకు వాళ్ళు పడ్డ బాకీ. దానానికి దణ్ణం పెడతాం, బాకీని గట్టిగా అడుగుతాం.

కాబట్టి కార్యకర్తలు ఒక పని ముందు పెట్టుకోవాలి. కంచె పడకముందే కూలీల జాబితా మనమే తయారు చెయ్యాలి. ఏ ఇంట్లో ఎవరు, ఎన్నేళ్ళుగా, ఎవరి చేలో పనిచేస్తున్నారో వాడవాడా తిరిగి రాయాలి. రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, ఉపాధి హామీ పాత జాబ్ కార్డు, ఏ కాగితం ఉన్నా జతచెయ్యాలి. భూమిలేని వాళ్ళను కూడా లెక్కించాలని చట్టంలోనే ఉంది. ముసాయిదా పథకం గ్రామసభ ముందుకు రావాలనీ ఉంది. ఆ సభకు ఆసాములు మాత్రమే పోతే మన గతి పాత గతే. ఆడకూలీలతో సహా పేటంతా కదలాలి, మన జాబితాను అక్కడ చదివి వినిపించాలి, మినిట్స్‌లో రాయించాలి.

చిన్న రైతు మనకు శత్రువు కాడు. ఈరోజు చెక్కు తీసుకున్న రెండెకరాల రైతు, ఆ డబ్బు కరిగాక, రేపు మనతోపాటే అడ్డా మీద నిలబడతాడు. అతని పరిహారం కోసం మనం నిలబడాలి, మన పేర్ల కోసం అతను నిలబడాలి.

చెట్టుకు నంబరేసిన చేత్తోనే ఆ కూలి తల్లికీ నంబరు వేయించాలి. అంతవరకూ మన ఊళ్ళో ఒక్క కంచె రాయి కూడా పాతనివ్వరాదు.