కూలీల పైసలకు కండువా కావలా?

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు చైర్మన్‌గా ఎవరుండాలె? ఏ పార్టీ ఆఫీసులోనైనా ఈ ప్రశ్న అడిగి చూడండి, నవ్వుతరు. టికెట్ దొరకనోడు, టికెట్ దొరికి ఓడినోడు, ఎన్నికల ముంగట కండువా మార్చినోడు... అర్హుల జాబితా అప్పటికే తయారై ఉంటది. మార్కెట్ కమిటీ ఒకరికి, గ్రంథాలయ సంస్థ ఇంకొకరికి పోయినంక మిగిలినోనికి కూలీల బోర్డు. కారు, చాంబర్, తలుపు మీద పేరు. లెక్క సరిపోయింది. ఎవరి లెక్క?

ఈ కుర్సీ వెనుక ఉన్నది ఖజానా సొమ్ము కాదు. 1996లో వచ్చిన సెస్సు చట్టం కింద, కట్టడం ఖర్చులో నూటికి రూపాయి చొప్పున కట్టించేటోళ్ల దగ్గర వసూలు చేసి కూలీల పేరు మీద జమ చేసిన సొమ్ము. మాల్ కట్టినా, ఫ్లైఓవర్ వేసినా ఆ రూపాయి రావాలె. పరంజా మీది నుంచి పడి సచ్చినోని పెండ్లాం పిల్లలకు, తాపీ పట్టి పట్టి నడుము వంగిన ముసలోనికి, తట్ట మోసే తల్లి కాన్పుకు అది చేరాలె. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పాలమూరు నుంచి బొంబాయి దాకా పోయి పట్నాలు కట్టినోళ్ల కష్టం అది. చైర్మన్ దానికి కావలోడే తప్ప యజమాని కాదు.

కావలి ఎట్ల సాగిందో 2018 మార్చిలో జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తా ఇచ్చిన సుప్రీంకోర్టు తీర్పు చెప్తది. అప్పటికి దేశమంతా కలిపి వసూలైంది సుమారు రూ.37,400 కోట్లు. కూలీల కోసం ఖర్చయింది సుమారు రూ.9,500 కోట్లు. నాలుగు రూపాయల్లో ఒకటి! ఆ ఒక్క రూపాయైనా సక్కగ పోయిందా అంటే, ఈ నిధితో లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్నరన్న సంగతి 2017లోనే కోర్టు ముంగటికొచ్చింది. పొద్దుగాల ఆరింటికి టిఫిన్ డబ్బా పట్టుకొని అడ్డా మీద నిలబడేటోనికి వాషింగ్ మెషీన్!

2020 మార్చి 24న కేంద్ర కార్మిక శాఖ ఈ నిధుల్లో సుమారు రూ.52,000 కోట్లు ఉన్నయి, కూలీల ఖాతాల్లో వేయండని రాష్ట్రాలకు చెప్పింది. ఖాతాలో పడేది నమోదైనోళ్లకు. నమోదు కానోడు నెత్తిన మూట పెట్టుకొని రోడ్డు పట్టిండు. నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపాలె. ఇయ్యాల ఒక మేస్త్రీ, రేపు ఇంకో మేస్త్రీ కింద పనిచేసే మనిషికి ఆ కాగితం మీద సంతకం పెట్టేదెవరు? చైర్మన్ పని మొదలయ్యేది ఇక్కడ, ఏసీ చాంబర్‌లో కాదు.

అట్లయితే రాజకీయ నాయకుడు వద్దు, ఐఏఎస్‌నే కూర్చోబెట్టాలె అంటరు చదువుకున్న పెద్దలు. అదీ ఒప్పుకునే మాట కాదు. 1957 జూన్‌లో ఎల్ఐసీ తన పెట్టుబడుల కమిటీని ముందుగా అడగకుండానే హరిదాస్ ముంధ్రా కంపెనీల వాటాలు రూ.1.24 కోట్లు పెట్టి కొన్నది. పాలసీదార్ల సొమ్ము. అప్పుడు ఎల్ఐసీని నడిపినోళ్లు గల్లీ లీడర్లు కాదు, పెద్ద అధికారులే. ఢిల్లీలో ఆర్థిక శాఖ నుంచి మాట వచ్చింది, సంతకాలు పడ్డయి. ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో నిలదీస్తే, జస్టిస్ చాగ్లా విచారణ జరిపితే, ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి 1958 ఫిబ్రవరిలో రాజీనామా చేయాల్సొచ్చింది. డిగ్రీలు, హోదాలు ఉండి ఏం ఫాయిదా? కాదనే నోరు ఒక్కటి లేకపాయె.

నేను చూసేది ఆ నోరు ఉన్నదా అనే. సర్కారుకు పైసలు తక్కువపడితే కళ్లు పడేది ఇసోంటి పెట్టెల మీదనే. ఇంకో స్కీముకు ఈ సొమ్ము మళ్లించమని ఫైలు వస్తది. సెస్సు ఎగ్గొట్టిన బిల్డర్‌ను వదిలేయమని ఫోన్ వస్తది. ఆ బిల్డర్ పార్టీకి చందా ఇచ్చినోడే అయి ఉంటడు. ఆ పూట ఫైలు తిప్పి పంపేటోడు పదో తరగతి తప్పిన యూనియన్ లీడరైనా సరే, ఏ పార్టీ వాడైనా సరే.

ఉద్యమంలో తిరిగిండు కదా, లాఠీ దెబ్బలు తిన్నడు కదా అనే వాదన ఒకటున్నది. తిన్నడు. మేమూ తిన్నం. ఉస్మానియాలో, ఊళ్ల కూడళ్లల్ల పక్కపక్కనే నిలబడి తిన్నం. ఆ దెబ్బలకు కూలీల నిధి నుంచి పరిహారమేంది? నిజానికి ఉద్యమంలో సర్కారును కాదన్నోనికి కుర్సీ ఎక్కినంక కూడా ఆ మాట యాదికుండాలె. చానామందికి ప్రమాణ స్వీకారం దండలతోనే గొంతు పూడుకపోతున్నది.

1996 చట్టం బోర్డు ఆఫీసు ఖర్చు, జీతభత్యాలు కలిపి ఏడాది ఖర్చులో 5 శాతం దాటొద్దని రాసింది. చైర్మన్‌కు ఏ అర్హత ఉండాలో మాత్రం రాయలేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ చైర్మన్‌ను నామినేట్ చేసేది రాష్ట్ర ప్రభుత్వమే. అయ్యా పాలకులారా, చట్టం అడగలేదు గనుక మేం అడుగుతున్నం. జీవో ఇచ్చే ముందు పేరు బయట పెట్టండి. ఆయనకు రియల్ ఎస్టేట్ ఎంత ఉన్నదో, ఏ కాంట్రాక్టర్‌తో పొత్తు ఉన్నదో చెప్పండి. కుర్సీ ఎక్కినంక ఏ కంపెనీ ఎంత సెస్సు బాకీ ఉన్నదో పేర్లతో సహా ప్రతి లేబర్ అడ్డా మీద అంటించమనండి. మొదటి పేరు తన పార్టీ ఎమ్మెల్యేదైతే, ఆ కాగితానికి మైద పూస్తడో జేబులో పెట్టుకుంటడో చూద్దాం.